సేఫ్టీ సార్ వెనక్కి పంపిన బంతి

పోయిన శుక్రవారం పొద్దున మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక స్కూలు మైదానంలో ఉన్నవాళ్ళ లెక్క ఇది: నడుముకు రెండు పక్కలా రంగు పట్టీలు వేలాడదీసుకున్న పిల్లలు పదిమంది, వాళ్ళలో ఆడపిల్లలు ఆరుగురు, ఆ ఆరుగురిలో ఒకతె మా అక్క కూతురు, మెడలో ఈల వేసుకున్న పీటీ మాస్టారు ఒకరు, ఎండ జరిగేకొద్దీ కుర్చీలు గోడవారకు జరుపుకుంటున్న తల్లిదండ్రులు ఇరవైమంది దాకా, వాళ్ళ మధ్య మా అక్క, బావ, నేను. ఉన్న వస్తువులు: నీళ్ళ డబ్బా ఒకటి, కరక్ చాయ్ ఫ్లాస్కులు రెండు, పచ్చిక మీద సున్నంతో గీసిన తెల్ల గీతలు, రెండు కొసలూ మొనదేలిన గోధుమరంగు బంతి ఒకటి.

మా మేనకోడలు ఆ బంతిని నేలమీద పెట్టి, వంగి, రెండు కాళ్ళ సందులోంచి వెనకనున్న స్నేహితురాలికి సూటిగా విసిరింది. అది గిర్రున తిరుగుతూ పోయి ఆ పిల్ల అరచేతుల్లో పడింది. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో, ఎప్పుడు కేక వేశానో నాకే తెలియదు గానీ చేతిలోని చాయ్ మాత్రం బావ చొక్కా మీద ఉంది. క్రికెట్ తప్ప ఇంకో ఆట ముఖం చూడనివాడివి, నీకిదేం తెలుసురా అని బావ తుడుచుకుంటూ అడిగాడు. ఈ ఆటలో నేనొక ఫైనల్ ఆడాను బావా అన్నాను. "నువ్వా? అమెరికావాళ్ళ ఫుట్‌బాలా? హమ్రియా రూములో బంకు మంచం కిందా?" అని ఆయన నవ్విన నవ్వుకు పక్క కుర్చీలవాళ్ళు కూడా తిరిగి చూశారు. బావకు చెప్పినా నమ్మడు కాబట్టి, నాలాగే ఇరవై రెండేళ్ళకు చేతిలో డిప్లొమా, పాస్‌పోర్టులో కొత్త వీసా పెట్టుకుని ఈ దేశంలో దిగి, మొదటి శుక్రవారం ఏం చేయాలో తోచక మంచం మీద కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకోసం రాస్తున్నాను.

నేను సివిల్ డిప్లొమా చదివి ఒక కాంట్రాక్టు కంపెనీలో సర్వేయర్‌గా వచ్చాను. హమ్రియాలో మా రూముకు ఆరుగురం. అందులో ముఖ్యుడు మా మామ. అమ్మకు తమ్ముడి వరస, జగిత్యాల దగ్గర పల్లె, ఇక్కడ ఇనుప కడ్డీలు వంచే పని. అందరికీ మామే, నాకొక్కడికే నిజం మామ. నన్ను అల్లుడా అని పిలిచేవాడు, పిలిచి పని చెప్పేవాడు. రెండో మనిషి కడప భాయి, స్టోర్ కీపర్. తర్వాత నిజామాబాదు అన్నదమ్ములు ఇద్దరు, సెంట్రింగ్ వడ్రంగులు, మాట్లాడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. ఆరోవాడు పగలు నిద్రపోయే నైట్ డ్యూటీ మనిషి కాబట్టి ఈ కథలోకి రాడు.

శుక్రవారాలు మా బిల్డింగు వెనక ఖాళీ జాగాలో కబడ్డీ ఆడేవాళ్ళం. గులకరాళ్ళు ఏరిపారేసి, చెప్పులతో గీత గీసుకుని, మోకాళ్ళు చీరుకుపోయేలా ఆడేవాళ్ళం. మామ అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళవాడు, పొట్ట కూడా కొంచెం ఉంది. అయినా కూతకు వెళ్ళాడంటే నలుగురు పట్టినా నిలవడు, చేపలా జారిపోతాడు. ఒక శుక్రవారం అలా నలుగురి చేతుల్లోంచి జారి వచ్చి మామ గీత తాకేసరికి, రోడ్డు పక్కన ఒక పికప్ ఆగి ఉంది. అందులోంచి దిగి చేతులు కట్టుకుని చూస్తున్న మనిషి మా కంపెనీ సేఫ్టీ సార్.

సేఫ్టీ సార్ అమెరికా మనిషి. ద్వారబంధం అంత భుజాలు, కుడి మోకాలు మడిచినప్పుడల్లా పటుక్కుమనే చప్పుడు. సైట్‌లో హెల్మెట్ లేకుండా కనిపిస్తే ఎవరినైనా సరే వెనక్కి పంపేవాడు కాబట్టి, మాకు మొదట పుట్టింది భయమే. శుక్రవారం కూడా హెల్మెట్ పెట్టుకోవాలేమో అని భాయి గొణిగాడు. ఆయన నేరుగా మామ దగ్గరికి వచ్చి, బండిలోంచి ఒక బంతి తీసి చేతిలో పెట్టాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "అల్లుడా, కొబ్బరికాయ గిట్ల నున్నగ చేసిండ్రేంది? నీళ్ళు లెవ్వు." సార్‌కు నేను అనువదించి చెప్పాను. ఆయన మొహంలో నవ్వు రాలేదు గానీ ఒక వెలుగు వచ్చింది. ఈయనకు ఇన్నాళ్ళూ ఈ బంతి ఎవరూ ఎందుకు ఇవ్వలేదు అని నన్ను నిలదీసినట్టు అడిగాడు.

ఆయన ఒకప్పుడు ఆ ఆట జీతానికి ఆడిన మనిషని, టీవీల్లో చూపించే పెద్ద లీగులో ఆరేళ్ళు ఉన్నాడని మాకు వారం తర్వాత తెలిసింది. ఆ రోజునుంచి మా శుక్రవారాలు మారిపోయాయి. మస్కట్‌లో ఆఫీసులవాళ్ళు, టీచర్లు, బ్యాంకులవాళ్ళు కలిసి చలికాలంలో ఆడుకునే ఒక చిన్న లీగు ఉండేది. అందులో మేమూ ఒక జట్టుగా చేరాం. దెబ్బలు లేని రకం ఆట అది: బంతి పట్టుకున్నవాడి నడుము పట్టీ లాగేస్తే చాలు, అక్కడికి ఆగిపోతుంది. జట్టుకు ఐదుగురు. బంతితో అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు. బంతితో మన గీత వెనకే దొరికిపోతే అవతలివాళ్ళకు రెండు. ప్రతి ప్రయత్నమూ ఒకడు వంగి కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి పంపడంతో మొదలవుతుంది. అది నేలను తాకిందా, ఆ ప్రయత్నం పోయినట్టే.

సార్ మాకు పనులు ఇలా పంచాడు: దూరాలు కొలిచే ఉద్యోగం కాబట్టి బంతి విసిరేది నేను, బంతి పట్టుకుని పరుగెత్తేది మామ, అన్నదమ్ములు, వంగి వెనక్కి పంపేది భాయి. పనులన్నీ చేసి చూపించేవాడు, ఒక్క ఆ వంగే పని తప్ప. అది మాత్రం నోటితో చెప్పేవాడు, బంతిని నేలమీద పెట్టేవాడు, పక్కకు తప్పుకునేవాడు. నేను ఇలాంటివి గమనించే మనిషిని. మోకాలు నొప్పి కాబోలు అనుకున్నాను, కానీ అదే మోకాలితో స్కఫోల్డింగు ఎక్కేవాడు కదా.

ఒక సాయంత్రం సైట్ నుంచి హమ్రియాకు ఆయన పికప్‌లో మామా నేనూ వస్తుంటే, ఉండబట్టలేక అడిగేశాను, మీరు ఆటలో ఏ స్థానం అని. ఆయన బండి నడుపుతూనే చెప్పాడు. వాళ్ళ ఆటలో బంతిని కాలితో తన్నే సందర్భాలు కొన్ని ఉంటాయట. అప్పుడు మాత్రమే ఒక ప్రత్యేకమైన మనిషి మైదానంలోకి వచ్చి, వంగి, వెనక పద్నాలుగు మీటర్ల దూరంలో ఉన్నవాడికి బంతి విసిరి, బయటికి వెళ్ళిపోతాడు. ఆయన వృత్తి అదే. అంతే. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ధాన్యపు కొట్టం గోడకు లారీ టైరు వేలాడదీసి, తల కిందికి పెట్టి కాళ్ళ సందులోంచి ఆ టైరులోకి బంతులు విసిరి నేర్చుకున్నాడట. కాలేజీ అయ్యాక ఏ జట్టూ ఎంచుకోలేదు. ఎవరికో దెబ్బ తగిలితే పిలిచేవాళ్ళు, వాడికి నయమైతే ఈయన్ను పంపేసేవాళ్ళు. ఆరేళ్ళలో నాలుగు జట్లు, నాలుగు ఊళ్ళు. పొద్దున్నే ఫోన్ వచ్చి, ఆఫీసుకు రా, వచ్చేటప్పుడు జట్టు ఎత్తుగడలు రాసిన ఆట పుస్తకం తిరిగి పట్టుకురా అన్నారంటే పని పోయినట్టేనట.

నేను తెలుగులో చెబుతుంటే మామ ముందు సీటు మీదికి వంగి విన్నాడు. "అంటే మన వీసా కాన్సిల్ లెక్కనే అన్నట్టు! గంత పెద్ద ఆటగానికి గూడ సామాన్ సదురుకో అంటరా? థూ, మనమే నయం. మనకు టికెటన్న ఇస్తరు." అది విని సార్ మొదటిసారి నవ్వాడు, టికెట్ వాళ్ళూ ఇచ్చేవాళ్ళని ఒప్పుకున్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ పనిలో ఉన్నవాడి పేరు ఎవరికీ తెలియకపోవడమే వాడు బాగా చేస్తున్నాడనడానికి గుర్తు. ఆరో ఏడాది, ఓడితే ఇంటికి పోవలసిన మ్యాచ్‌లో, వానలో, ఆయన పంపిన బంతి తన్నేవాడి తలమీదుగా వెళ్ళిపోయింది. అవతలివాళ్ళు దాన్ని పట్టుకుని గెలిచారు. మర్నాడు దేశమంతా ఆయన పేరు పలికింది. పేరు సరిగ్గా పలికారు కూడా అన్నాడు. ఆ తర్వాత ఏ జట్టునుంచీ ఫోన్ రాలేదు, ఆయనా మళ్ళీ బంతికి వంగలేదు. చమురు బావుల దగ్గర పనికి చేరి, సేఫ్టీ పరీక్షలు రాసి, తిరిగి తిరిగి మా దగ్గరికి వచ్చాడు. వేసవికి ముందే మోకాలు ఆపరేషన్ కోసం ఇంటికి వెళ్ళిపోతున్నానని కూడా ఆ రోజే చెప్పాడు. బండి దిగాక మామ నాతో ఒక మాట అన్నాడు: "ఒక్కసారి గుర్రం మీదికెళ్ళి పడ్డోడు మల్ల ఎక్కాలె అల్లుడా. ఎక్కకుంట ఇంటికి పోతే ఆ గుర్రం మనిషి మీద ఎక్కి కూసుంటది."

ఆశ్చర్యం ఏమిటంటే మేం ఫైనల్‌కు వచ్చాం. గొప్పగా ఆడి కాదు. మామ పట్టీ ఎవరికీ అందేది కాదు, అంతే. చలికాలం చివర ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఒక స్కూలు మైదానం, అవతల టీచర్ల జట్టు, ఒకే రకం బనియన్లు, సొంత బూట్లు. మా సైట్ మనుషులు ముప్పైమంది కంపెనీ బస్సులో వచ్చి ఒక పక్కన బారుగా కూర్చున్నారు. అప్పటిదాకా మేం ఆడినవన్నీ మట్టి మైదానాలు, నాలుగు మూలలా ప్లాస్టిక్ శంకువులు పెట్టి ఆడినవి. ఇక్కడ పచ్చగడ్డి, దానిమీద తళతళలాడే సున్నం గీతలు. నేను సంతోషంతో గీతల వెడల్పు చూసుకుంటున్నాను గానీ, ఆ గీతలు మామకు ఏం చేస్తాయో ఊహించలేదు.

మొదటి సగంలో వాళ్ళు ఒకసారి గీత దాటారు, అన్నదమ్ముల్లో అన్న మాకు ఒకటి కొట్టాడు. తర్వాత మాకు బంతి మా గీతకు దగ్గరలోనే వచ్చింది. నేను మామకు అందించాను. మామ ముందుకు నాలుగడుగులు వేసి, అడ్డొచ్చిన పొడుగు టీచరు చేతిని తప్పించబోయి అతని భుజాన్ని తాకాడు. తాకాడు, ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి చూశాడు. వెనక తెల్ల గీత మెరుస్తోంది. ఇరవై ఏళ్ళ కూత ఆ కాళ్ళలో ఉంది మరి! గిరుక్కున తిరిగి మా గీతవైపు బాణంలా దూసుకుపోయాడు. భాయి నెత్తి పట్టుకుని వెంటపడ్డాడు: "యాడికి మామా, యాడికి? అవతలికి పోవల్ల! నీ కబడ్డీ గాలికి పోనూ!" బస్సులో వచ్చినవాళ్ళు సగం మంది లేచి చప్పట్లు కొట్టారు, పాపం వాళ్ళకూ అది సరైనదే అనిపించింది. మామ గీత దాటి, చెయ్యి పైకెత్తి, దమ్ము తీసుకుంటూ నిలబడ్డాడు. పొడుగు టీచరు నడుచుకుంటూ వచ్చి, చాలా మర్యాదగా, ఆయన పట్టీ లాగాడు. వాళ్ళకు రెండు పాయింట్లు.

"ముట్టినంక మన గీతకు రావాలె గదా అల్లుడా! రాకపోతె ఔటే గదా!" అని నన్నే అడిగాడు. అప్పటికి సంగతి ఆయనకే అర్థమై, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

దానికి తోడు, సగం ఆట ముగిసే ముందు భాయి చేతి బొటనవేలు బెణికింది, వెంటనే గుమ్మడికాయలా వాచిపోయింది. మాకు ఆరో ఆటగాడు లేడు. నలుగురితో ఒప్పుకోం, ఆట వదులుకున్నట్టే అని రిఫరీ అన్నాడు. పొడుగు టీచరే మంచిమనసుతో, మీ కోచ్ ఆడితే మాకేం అభ్యంతరం లేదు అన్నాడు. మేమంతా ఆయన వైపు తిరిగాం. పరుగు ఆయన వల్ల కాదు. ఆయన చేయగలిగింది ఒక్క పనే, అదేమిటో మామకూ నాకూ తెలుసు. సార్ బంతి వైపు చూస్తున్నాడు, దాన్ని ముట్టుకోవడం లేదు.

మామ తువ్వాలు తీసి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "సార్, ముప్పైమంది ముంగట నేను ఉల్టా ఉరికిన. నా ఇజ్జత్ పోయింది, అయినా మల్ల ఆడ్త. నువ్వొక్కసారి వంగు సార్." నేను అనువదించాను, ఇజ్జత్ అనే మాట ఒక్కటీ ఆయనకు ముందే తెలుసు, సైట్ హిందీలో. సార్ బంతి తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెడతావో అక్కడే ఉంచు, కదపొద్దు, నేను పంపిస్తాను అన్నాడు.

రెండో సగం మొదటి ప్రయత్నం. నేను ఐదు మీటర్ల వెనక నిలబడి, అరచేతులు ఛాతీ ముందు పెట్టి, ఊపిరి బిగబట్టాను. ఆయన వంగాడు. మోకాలు పటుక్కుమంది. కాళ్ళ మధ్యనుంచి తలకిందులుగా ఒక్కసారి నా చేతుల్ని చూశాడు. అంతే! బంతి రావడం నాకు కనబడలేదు, చేతుల్లో ఉండటమే కనబడింది. అరచేతులు చురుక్కుమన్నాయి. బంతి మీది కుట్టు సరిగ్గా నా వేళ్ళ కిందికి వచ్చి కూర్చుంది, విసరడానికి తిప్పుకోవలసిన పని కూడా లేకుండా. గాల్లో ఎన్నిసార్లు తిరగాలో లెక్కపెట్టి పంపుతాడన్నమాట! నా సర్వే పరికరం కూడా అంత సూటిగా చూడలేదని ప్రమాణం చేసి చెప్పగలను. ఆనందం పట్టలేక విసరడం మరిచిపోయాను, నా పట్టీ లాగేశారు. "ఇసురు రా! నిమిషం సేపు ముద్దు పెట్టుకుంటవా దాన్ని?" అని అన్నదమ్ముల్లో తమ్ముడు మండిపడ్డాడు.

ఆ తర్వాత జరిగిందంతా పరుగే. ఆ తమ్ముడే ఒకటి కొట్టాడు. వాళ్ళు ఒకటి. మామ ఒకటి, ఈసారి కబడ్డీ కబడ్డీ అని పైకే అంటూ అవతలి గీత దాటాడు. వాళ్ళు ఇంకొకటి. మేం ఇరవైకి పద్దెనిమిది. ఆఖరి ప్రయత్నం, అవతలి గీత ఐదడుగుల దూరం, దాటితే కప్పు మాది. బస్సు మనుషులు గీత దాకా వచ్చేశారు, భాయి వాచిన వేలితోనే ఈల వేస్తున్నాడు. సార్ వంగాడు, బంతి వచ్చింది, మామకు అందించాను. ముగ్గురు మీద పడ్డారు. ఒకరిని వంగి తప్పించాడు, ఒకరిని తిరిగి తప్పించాడు. మూడోవాడు పట్టీ అందుకునేలోగా, ఏ కూతగాడైనా చేసేదే చేశాడు: కాలు బారజాపి, బూటులోని బొటనవేలితో గీత తాకాడు. బంతి మాత్రం ఛాతీకి హత్తుకునే ఉంది, గీతకు ఇవతల. పట్టీ ఊడింది, ఈల మోగింది.

"తాకింది! నా యేలు తాకింది! సున్నం అంటింది సూడున్రి!" అని మామ బూటు విప్పి రిఫరీ మొహం ముందు పెట్టాడు. ఈ ఆటలో గీత దాటవలసింది వేలు కాదు, బంతి అని ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు ఎవరికీ. అప్పుడే వెనకనుంచి నవ్వు వినబడింది. సేఫ్టీ సార్ పచ్చిక మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ చాపి, కళ్ళనుంచి నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. మామ వెళ్ళి పక్కన కూర్చుని, ఆయనకు అర్థమయ్యేదాకా కబడ్డీ నియమాలు తెలుగులోనే చెప్పాడు. ఆయన అర్థమైనట్టు తల ఊపుతూనే ఉన్నాడు. బస్సులో వెనక్కి వస్తుంటే ఓడినవాళ్ళ బస్సులా లేదది. పాటలు, అరుపులు, డ్రైవరు కూడా మాతో కలిశాడు.

వేసవికి ముందే సార్ వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే కంపెనీకి ఖబూరా వైపు పని వచ్చి, అన్నదమ్ములు అటు వెళ్ళి, అటునుంచి వేరే దేశం వెళ్ళారు. భాయి ఖబూరాలోనే చిన్న దుకాణంలో భాగం తీసుకున్నాడు. మామ ఊళ్ళో పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు, ఫోన్ చేస్తే ఇప్పటికీ ఆ వేలు తాకిందనే అంటాడు. మేం రాళ్ళు ఏరిన జాగాలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని గీతలు గీస్తున్నాను, శుక్రవారాలు మా బావలాగే నిద్రపోతున్నాను. ఇప్పుడు ఏ ఆటైనా ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు, బూట్లూ పట్టీలూ ఇంటికే వస్తాయి. రోడ్డు పక్కన బండి ఆపి, ముక్కూ మొహం తెలియని నలుగురు ఆడుకుంటుంటే చేతులు కట్టుకుని చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు, నాకూ లేదు. ఆ తీరిక ఒక మనిషికి ఒక శుక్రవారం ఉండబట్టి, ఐదుగురి యవ్వనానికి చెప్పుకోవడానికి ఒక సంగతి మిగిలింది. ఆ మనిషికి ఏం మిగిలిందో నేను చెప్పలేను గానీ, లెక్క మాత్రం చెప్పగలను, ఎందుకంటే బంతులన్నీ అందుకున్నది నేనే.

ఆ రెండో సగంలో ఆయన వెనక్కి పంపినవి పద్నాలుగు. నేలను తాకినవి సున్నా.